నెట్‌వర్క్ లేని కొండల్లోకి శాటిలైట్ మెసెంజర్: కొనాలా, కొంటే ఎలా వాడాలి?

దూరపునడక

అందరికీ నమస్కారం. వచ్చే సీజన్‌లో నేనూ, నా స్నేహితుడూ కలిసి వారం రోజుల నడక ఒకటి అనుకుంటున్నాం. మొదటి రోజు మధ్యాహ్నం దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది, మళ్లీ చివరి రోజే వస్తుంది. మధ్యలో రెండు చోట్ల వాగు దాటాలి, ఒక ఎత్తైన కనుమ ఎక్కి దిగాలి. ఇద్దరికీ నడక అలవాటే. కానీ ఇన్ని రోజులు మనుషులకు దూరంగా ఉండటం ఇదే మొదలు.

ఇంట్లో అక్కకి టెన్షన్ పట్టుకుంది. "కాలు విరిగి అక్కడే పడి ఉంటే మాకెలా తెలుస్తుందిరా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. అందుకే శాటిలైట్ పరికరాల గురించి చదవడం మొదలుపెట్టాను. బీకన్ అంటారు, మెసెంజర్ అంటారు, కొత్త ఫోన్లలోనే ఉంది కదా అంటారు. ఏది దేనికో అర్థం కావట్లేదు. చేత్తో పట్టుకుని వాడినవాళ్లు చెప్పండి.

గుట్టలగాలి

తమ్ముడూ, ఆ మూడింటినీ ముందు విడివిడిగా చూడు.

బీకన్, అంటే పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్), ఒకే ఒక్క పని చేస్తుంది. యాంటెనా విప్పి బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ప్రమాద సంకేతం వెళ్తుంది. కాస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ దాన్ని అందుకుని, ఆ ప్రాంతంలో గాలింపు బాధ్యత ఎవరిదో వాళ్లకి చేరవేస్తుంది. నెలనెలా చందా ఉండదు. బ్యాటరీ ఏళ్ల తరబడి అలాగే నిలవ ఉంటుంది, దాని మీద వేసిన గడువు దాటక ముందే మార్పించాలి. ఒకసారి ఆన్ చేశాక కనీసం 24 గంటలు సంకేతం పంపాలన్నది ప్రమాణం. దాంతో మాట్లాడటం మాత్రం కుదరదు. "ప్రమాదంలో ఉన్నాను, ఇక్కడున్నాను" అన్నదొక్కటే అది చెప్పగలిగేది.

మెసెంజర్‌తో మాటలు పంపొచ్చు, జవాబులు అందుకోవచ్చు. గార్మిన్ ఇన్‌రీచ్, జోలియో ఇరిడియం ఉపగ్రహాల మీద నడుస్తాయి. స్పాట్ గ్లోబల్‌స్టార్ మీద నడుస్తుంది. స్పాట్‌లో చాలా మోడళ్లు పంపడానికే పనికొస్తాయి, జవాబు అందుకోవాలంటే స్పాట్ ఎక్స్ లాంటిది కావాలి. కొనేముందు అది రెండువైపులదా, ఒకవైపుదా అన్నది తప్పకుండా అడుగు. వీటికి చందా కట్టాలి, చార్జింగ్ చూసుకోవాలి.

ఇక ఫోన్ సంగతి. ఐఫోన్ 14తో 2022 నవంబరులో శాటిలైట్ ఎస్ఓఎస్ వచ్చింది, ఆ తర్వాత పిక్సెల్ 9 లాంటివాటిలోనూ పెట్టారు. ఇది కొన్ని దేశాల్లోనే పనిచేస్తుంది. నువ్వు వెళ్లే దేశం ఆ జాబితాలో లేకపోతే ఫోన్ నీ చేతిలో ఉండీ లేనట్టే. ఉన్నా కూడా, ఫొటోలకీ మ్యాపులకీ టార్చికీ అదే ఫోన్ వాడతాం. తీరా అవసరమయ్యే వేళకి చార్జింగ్ ఎంత మిగులుతుందో చెప్పలేం. కిందపడితే మొదట పగిలేదీ అదే.

నీ ప్లాన్‌కి రెండువైపులా మాట్లాడే మెసెంజరే నా సలహా. కొండల్లో వచ్చే ఇబ్బందుల్లో ప్రాణం మీదకి వచ్చేవి తక్కువ. వాగు పొంగి ఒక రోజు ఆగాల్సి రావచ్చు. స్నేహితుడికి జ్వరం వచ్చి వెనక్కి తిరగాల్సి రావచ్చు. వీటికి బీకన్ నొక్కలేవు, నొక్కకూడదు కూడా. మెసెంజర్ ఉంటే "ఒక రోజు ఆలస్యం, ఇద్దరం బాగున్నాం" అని పంపేసి నిశ్చింతగా ఆగొచ్చు. సమయానికి చేరాలన్న ఆరాటంలో పొంగిన వాగులో దిగి కొట్టుకుపోయేవాళ్లున్నారు. ఆ ఒక్క మెసేజ్ పంపే వీలుంటే ఆ ఆరాటం సగం తగ్గుతుంది.

తరంగం

నా ఉద్యోగం రేడియో కమ్యూనికేషన్‌లో. ఆకాశంలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ పరికరాన్ని ఎక్కడ పట్టుకోవాలో దానంతటదే అర్థమవుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇరిడియంలో 66 ఉపగ్రహాలు భూమికి దాదాపు 780 కి.మీ. ఎత్తున, ధ్రువాల మీదుగా తిరుగుతుంటాయి. మీ సందేశాన్ని ఒక ఉపగ్రహం అందుకుని పక్కదానికి, అది ఇంకోదానికి అందిస్తూ చివరికి నేలమీద ఉన్న కేంద్రానికి దింపుతాయి. అందుకే నడిసముద్రంలోనూ, ధ్రువాల దగ్గరా కూడా పనిచేస్తుంది. గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాలు 1,400 కి.మీ. ఎత్తున ఉంటాయి. అవి అద్దంలాగా మీ సంకేతాన్ని నేరుగా నేలకి తిప్పికొడతాయి. అంటే ఒకే క్షణంలో ఆ ఉపగ్రహానికి మీరూ కనబడాలి, నేలమీది స్టేషనూ కనబడాలి. స్టేషన్ దూరమైన ప్రాంతాల్లో సేవ బలహీనంగా ఉంటుంది, కొన్నిచోట్ల అసలుండదు. కొనేముందు కవరేజ్ మ్యాప్ చూడమనేది ఇందుకే.

ఇరిడియం ఉపగ్రహం ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మన ఆకాశాన్ని దాటడానికి పది నిమిషాలు కూడా పట్టదు. మీరు ఇరుకు లోయలో ఉంటే ఇప్పుడు వెళ్తున్న ఉపగ్రహం కొండ చాటున ఉండొచ్చు. కాసేపటికి ఇంకోటి మీ నెత్తిమీదుగా వెళ్తుంది. కాబట్టి లోయలో మెసేజ్ వెంటనే వెళ్లకపోతే కంగారుపడి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పకండి. ఆకాశం ఎక్కువ కనిపించే చోట రాయి మీద యాంటెనా పైకి ఉండేలా పెట్టి, వదిలేసి, ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. పరికరం తనే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది.

కొన్ని పరికరాలు వాడే భూస్థిర ఉపగ్రహాల సంగతి వేరు. అవి భూమధ్యరేఖ పైన 35,786 కి.మీ. ఎత్తున మనకి కదలనట్టే ఉంటాయి. మీరు ఉత్తరాన ఎక్కడో ఉండి, దక్షిణం వైపు పెద్ద కొండ అడ్డుగా ఉంటే ఎంతసేపు ఆగినా లాభం లేదు. చోటు మారాల్సిందే.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా, ఈ తరంగాలకి అది గట్టి అడ్డు. మెసెంజర్‌ని ప్యాంటు జేబులో పెట్టుకుంటే సగం ఆకాశాన్ని మీరే మూసేసినట్టు. బ్యాగు భుజం పట్టీ మీద, పైన క్లిప్ చేసుకోవాలి. తడిసిన ఆకుల అడవిలోనూ సంకేతం బాగా తగ్గుతుంది.

శక్తి విషయంలో బీకన్‌దే పైచేయి. అది దాదాపు 5 వాట్లతో పంపుతుంది, ఇరిడియం మెసెంజర్ 1.6 వాట్లతో. పైగా బీకన్ 121.5 మెగాహెర్ట్జ్ మీద ఇంకో చిన్న సంకేతం కూడా ఇస్తుంది. ఉపగ్రహాలు ఆ పౌనఃపున్యాన్ని వినడం 2009 ఫిబ్రవరి 1 నుంచి మానేశాయి. కానీ దగ్గరికి వచ్చిన హెలికాప్టర్, నేలమీది బృందం దాని దిక్కు పట్టుకునే చివరి కొద్ది దూరం వస్తారు. పొదల్లో పడి ఉన్న మనిషి విషయంలో ఆ కొద్ది దూరమే కష్టం.

పాతబాట

నేను చాలా ఏళ్లుగా నడుస్తున్నాను, ఇవేవీ లేని కాలం నుంచీ. పరికరం వద్దని నేను అనను. కానీ దాని వల్ల మనుషులు మారిపోవడం కళ్లారా చూస్తున్నాను. మ్యాప్ చదవడం రాదు, వాతావరణం చూడరు, "ఏమైనా అయితే బటన్ ఉంది కదా" అని బయలుదేరతారు. బటన్ నొక్కినంత మాత్రాన ఎవరూ రెక్కలు కట్టుకుని రారు. మబ్బు పట్టి ఉంటే హెలికాప్టర్ ఎగరదు. నేలమీద నడిచి రావాలంటే మీకు రెండు రోజులు పట్టిన దారి వాళ్లకి మాత్రం గంటలో అవుతుందా? ఆ రాత్రి చలిలో మిమ్మల్ని కాపాడేది మీ బ్యాగులో ఉన్న వెచ్చటి బట్ట, పైన కప్పుకునే టార్పాలిన్, మీకు తెలిసిన ప్రథమ చికిత్స.

ఇంకో మాట. 2003 ఏప్రిల్‌లో ఆరన్ రాల్‌స్టన్ అనే పర్వతారోహకుడు అమెరికాలోని యూటా రాష్ట్రంలో బ్లూజాన్ కాన్యన్‌లోకి ఒంటరిగా దిగాడు. బండరాయి జారి కుడిచేయి ఇరుక్కుంది. ఐదు రోజులకు పైగా అక్కడే ఉండి, చివరికి తన చేయి తానే కోసుకుని బయటపడ్డాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పి వెళ్లలేదు. ఒక్క మనిషికి చెప్పి ఉంటే, రాలేదని తెలిసిన మర్నాడే ఆ దారిన వెతకడం మొదలయ్యేది. ముందు కావాల్సింది ఇంట్లో వదిలివెళ్లే కాగితం. ఆ తర్వాతే పరికరం.

తరంగం

పాతబాట గారూ, ఆ ఉదంతం గురించి నా వైపు నుంచి ఒక్కమాట కలుపుతాను. అలాంటి సన్నటి రాతి చీలికలో పైన కనబడే ఆకాశం ఒక గీత మాత్రమే. ఇవాళ్టి మెసెంజర్ అయినా అక్కడి నుంచి సంకేతం పంపగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పట్లో ఇవి లేవు కూడా, స్పాట్ మొదటి పరికరం వచ్చిందే 2007లో. మీరన్న కాగితం లేకపోతే మెసెంజర్ ఉన్నవాడు కూడా దొరక్కుండా పోవచ్చు.

అయితే పరికరం వల్ల ధైర్యం పెరిగిపోతుంది కాబట్టి వెనక్కి నెట్టాలన్నది ఒప్పుకోను. కాస్పాస్-సార్సాట్ ద్వారా మొదటిసారి మనుషులు బతికి బయటపడింది 1982 సెప్టెంబరులో, కెనడాలో కూలిన ఒక చిన్న విమానం దగ్గర. ఆ వ్యవస్థని కట్టింది అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి, అదీ ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో. అప్పటి నుంచి వేల మంది దాని వల్ల బతికారు. వాళ్లలో మంచి మ్యాప్ జ్ఞానం ఉన్నవాళ్లూ బోలెడు మంది ఉండి ఉంటారు. రాయి జారితే పడేవాడి అనుభవం చూసి జారదు కదా.

ఇంట్లోఎదురుచూపు

నేను నడకకి వెళ్లను. మావారు వెళ్తారు. ఆయన పంపే మెసేజ్‌లు అందుకునేది నేను. ఇటువైపు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన ట్రాకింగ్ ఆన్ చేసి వెళ్లారు. పది నిమిషాలకోసారి మ్యాప్ మీద ఒక చుక్క పడుతుంది. రోజంతా ఆ చుక్కలు చూస్తూ హాయిగా ఉన్నాను. సాయంత్రం ఒక నిటారు కొండ అంచు దగ్గర చుక్క పడింది, ఆ తర్వాత ఇంకోటి రాలేదు. గంట, రెండు గంటలు, అర్ధరాత్రి. మ్యాప్‌ని పెద్దది చేసి చూస్తే అక్కడ ఎత్తుని చూపే గీతలన్నీ ఒకదానిమీద ఒకటి ఒత్తుగా ఉన్నాయి, అంటే నిటారు వాలు. ఆ రాత్రి ఎలా గడిచిందో నాకే తెలుసు. తెల్లారాక మెసేజ్ వచ్చింది: "రాత్రి బాగా నిద్రపట్టింది." బ్యాటరీ మిగులుతుందని పరికరం ఆఫ్ చేసి పడుకున్నారట. ఆ చుక్క పడింది కొండ అంచున కాదు, దాని పక్కనున్న చదునులో. మ్యాప్ నాకు అంత సూక్ష్మంగా చూడటం రాదు.

తిరిగొచ్చాక ఇద్దరం కూర్చుని ఒప్పందం రాసుకున్నాం. చుక్క ఆగిపోతే ప్రమాదం అనుకోకూడదు. రాత్రి బస చేసిన చోటి నుంచి "ఇవాళ్టికి ఇక్కడే" అనే మెసేజ్ పంపాకే ఆఫ్ చేయాలి. ఒక రాత్రి ఆ మెసేజ్ రాకపోయినా నేను ఆగుతాను, మర్నాడు మధ్యాహ్నం దాకా చూస్తాను. తిరిగి రావాల్సిన రోజు దాటి, మర్నాడు ఉదయం కూడా కబురు లేకపోతే అప్పుడు ఫోన్ చేస్తాను. ఎవరికి చేయాలో ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఆ కాగితంలో గడువు గంటతో సహా రాసి ఉంది కాబట్టి, "ఇప్పుడు చేయాలా, తొందరపడుతున్నానా" అని నాలో నేను కొట్టుకోవాల్సిన పనిలేదు.

దూరపునడక గారూ, మీ అక్క పక్కన కూర్చుని ఈ మాటలన్నీ ముందే మాట్లాడండి. పరికరం కొనడం కంటే ముందు అది.

గుట్టలగాలి

ఎదురుచూపు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, చాలామందికి తెలియదు. ఎస్ఓఎస్ నొక్కితే అది పరికరం కంపెనీ నడిపే, లేదా ఒప్పందం పెట్టుకున్న స్పందన కేంద్రానికి వెళ్తుంది, గార్మిన్‌దైతే అమెరికాలోని టెక్సస్‌లో ఉంది. వాళ్లు మీతో మెసేజ్‌లలో మాట్లాడుతూనే, మీరు ముందు రాసిచ్చిన అత్యవసర నంబర్లకి ఫోన్ చేస్తారు. "ఈయన నిజంగానే అక్కడికి వెళ్లారా, ఎంతమంది, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా" అని కనుక్కుంటారు. ఆ ఫోన్ విదేశీ నంబరు నుంచి, అర్ధరాత్రి రావచ్చు. మోసపు కాల్ అనుకుని కట్ చేసే ప్రమాదం ఉంది. మీ అక్కకి ముందే చెప్పు: "నేను తిరిగొచ్చేదాకా ఏ తెలియని నంబరు వచ్చినా ఎత్తు." రెండో నంబరుగా రాత్రిపూట ఫోన్ సైలెంట్‌లో పెట్టని మనిషిది ఇవ్వు.

మంచురేఖ

మంచు ప్రాంతాలకు వెళ్లేవాళ్ల కోసం ఒక హెచ్చరిక. శాటిలైట్ మెసెంజర్ వేరు, అవలాంచ్ ట్రాన్సీవర్ (మంచు చరియ కింద పూడిపోయినవాళ్లని తోటివాళ్లు వెతకడానికి ఒంటికి కట్టుకునే చిన్న రేడియో) వేరు. రెండింటినీ బీకన్ అనే పిలుస్తారు, అక్కడే కొంపలు మునుగుతున్నాయి. మంచు చరియ కింద పూడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పదీ పదిహేను నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. అంత సేపట్లో ఏ హెలికాప్టరూ రాలేదు. వెతికి తవ్వి తీయాల్సింది పక్కనున్న తోటివాళ్లే. దానికి అందరి ఒంటిమీదా 457 కిలోహెర్ట్జ్ ట్రాన్సీవర్, బ్యాగులో మంచులో గుచ్చి వెతికే పొడుగాటి ప్రోబ్, పార ఉండాలి, వాడటం సాధన చేసి ఉండాలి. మెసెంజర్ పని ఆ మనిషిని బయటికి తీశాక మొదలవుతుంది.

చలిలో బ్యాటరీ గురించి కూడా. లిథియం బ్యాటరీ గడ్డకట్టే చలిలో తన శక్తి అంతా ఇవ్వదు. పొద్దున్నే 30 శాతం చూపించింది ఎండెక్కాక 50 చూపించడం మామూలే. రాత్రి స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకుని పడుకోండి. సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఉన్నప్పుడు పవర్ బ్యాంక్ తగిలించి చార్జ్ చేయకండి, బ్యాటరీ లోపల దెబ్బతింటుంది. ముందు ఒంటి వేడికి వెచ్చబడనివ్వండి.

దూరపునడక

చాలా చాలా థాంక్స్ అందరికీ. మెసెంజరే తీసుకుంటాను. రెండు సందేహాలు మిగిలాయి. ఎస్ఓఎస్ నొక్కాక ఏం రాయాలి? ఇద్దరమే కదా, ఒకరు పడిపోతే రెండోవాడు పరికరం తీసుకుని సాయం కోసం వెళ్లాలా, లేక అక్కడే ఉండాలా?

కొండనర్సు

మొదటిదానికి నేను చెప్తాను. అత్యవసర విభాగంలో నర్సుని, కొండ ప్రాంతాల ప్రథమ చికిత్స శిక్షణ కూడా తీసుకున్నాను.

బటన్ నొక్కగానే మీరున్న చోటు వాళ్లకి వెళ్లిపోతుంది, దాన్ని మళ్లీ రాయాల్సిన పనిలేదు. వాళ్లకి కనబడనివి రాయండి. "సహాయం కావాలి, త్వరగా రండి" అని రాస్తే వాళ్లకి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఇలా రాశారనుకోండి:

"ఇద్దరం. ఒకరికి ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. నడవలేడు. స్పృహ ఉంది, రక్తం ఆగింది. టెంట్ ఉంది, తిండి 2 రోజులు."

ఈ కొన్ని మాటలతో హెలికాప్టర్ కావాలా, మోసుకెళ్లే బృందం కావాలా, ఈ రాత్రే రావాలా, తెల్లారేదాకా ఆగొచ్చా అన్నది వాళ్లు నిర్ణయించగలరు. రెండో మెసేజ్‌లో వయసు, వాడే మందులు, అలర్జీలు, అక్కడి గాలి, మబ్బు, దగ్గరలో చదునైన ఖాళీ స్థలం ఉందా అన్నవి రాయండి. తర్వాత పరిస్థితి మారినప్పుడల్లా పంపండి: "మాట తడబడుతోంది", "వణుకు ఆగింది, మత్తుగా ఉన్నాడు" లాంటివి. చలిలో ఉన్న మనిషికి వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది మంచి సూచన కాదు, ఒంటి వేడి బాగా పడిపోతోందని అర్థం. అది చదివితే అవతలివాళ్ల తొందర పెరుగుతుంది.

ఇంగ్లిష్‌లో, చిన్న చిన్న వాక్యాల్లో రాయండి. స్పందన కేంద్రం చదివేది అదే. ఇంటికి పంపే మెసేజ్‌లు కూడా తెలుగు మాటలే అయినా ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం మేలు. మామూలు ఎస్ఎంఎస్‌లోనే ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పడతాయి, తెలుగు లిపి అయితే 70.

నొక్కాలా వద్దా అని చాలామంది మొహమాటపడతారు. నా కొలబద్ద ఇది: ప్రాణానికో, అవయవానికో, చూపుకో ముప్పు ఉందా? లేదా ఇప్పుడు లేకపోయినా ఈ రాత్రి గడిస్తే వచ్చేలా ఉందా? ఉంటే వెంటనే నొక్కండి, పగటి వెలుగు ఉండగానే నొక్కండి. చీకటి పడేదాకా "చూద్దాం, చూద్దాం" అని ఆగితే హెలికాప్టర్ వచ్చే గంటలన్నీ చేజారిపోతాయి. అలసిపోయాం, మంచినీళ్లు అయిపోయాయి, దారి తెలియట్లేదు అంటే ముందు ఇంటివాళ్లకి మామూలు మెసేజ్ పెట్టి సలహా అడగండి. పొరపాటున ఎస్ఓఎస్ వెళ్లిపోతే పరికరం ఆఫ్ చేసి ఊరుకోకండి. రద్దు చేయండి, అక్కర్లేదని రాయండి. లేకపోతే ఎవరో నిజంగానే బయలుదేరతారు.

గుట్టలగాలి

రెండో సందేహానికి: పరికరం గాయపడినవాడి దగ్గరే ఉండాలి. వచ్చేవాళ్లు వెతికేది ఆ పరికరం ఉన్న చోటునే. నువ్వు దాన్ని తీసుకుని కిందకి దిగుతుంటే వాళ్ల మ్యాప్‌లో ప్రమాద స్థలం కూడా నీతోపాటు దిగుతుంది. ఎస్ఓఎస్ వెళ్లి, అవతలి నుంచి జవాబు వచ్చిందంటే నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. అక్కడే ఉండి వాడిని వెచ్చగా ఉంచు.

పాతబాట

ఇక్కడ కాస్త విభేదిస్తాను. పడినవాడు రెండు గోడల మధ్య ఇరుకు లోయలో ఉన్నాడనుకోండి, గంట అయినా మెసేజ్ వెళ్లలేదు. అప్పుడు పరికరం వాడి దగ్గరే ఉంచితే ఏం ఉపయోగం? రెండోవాడు దాన్ని తీసుకుని ఆకాశం తెరుచుకున్న గట్టు మీదకి ఎక్కాలి. అక్కడి నుంచి నొక్కి, "గాయపడినవాడు నాకు పడమరగా, కింద వాగు మలుపులో" అని స్పష్టంగా రాసి, జవాబు వచ్చేదాకా ఉండి, అప్పుడు కిందకి రావాలి. వెళ్లేముందు వాడికి నీళ్లు, వెచ్చటి బట్ట, ఈల అందేలా పెట్టాలి. ఈల అంటే గుర్తొచ్చింది, నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆపి, మళ్లీ ఆరుసార్లు. కొండల్లో అది ప్రమాద సంకేతం. జవాబు నిమిషానికి మూడుసార్లు. బ్యాటరీ అయిపోయేది కాదు, మెడలో వేలాడదీసుకోండి.

గుట్టలగాలి

అవును పాతబాట గారూ, మెసేజ్ వెళ్లని చోట మీరన్నదే సరి. వెళ్లినచోట మాత్రం కదలొద్దు.

ఇంకొకటి, ఇద్దరికీ వాడటం రావాలి. పరికరం తెలిసినవాడే పడిపోయి స్పృహ తప్పితే? నీ స్నేహితుడి చేతికిచ్చి, ఫోన్ స్విచ్ ఆఫ్ చేయించి, ఒట్టి పరికరం మీద బటన్లతోనే ఒక మెసేజ్ పంపమను. చిన్న తెరమీద ఒక్కో అక్షరం ఎంచుకుంటూ రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. జోలియోలో తెరే లేదు, ఫోన్ పోతే ఎస్ఓఎస్, "బాగున్నాను" అనే బటన్లే మిగులుతాయి. ముందే రాసి పెట్టుకునే రెడీ మెసేజ్‌లు ఉంటాయి, వాటిని ఇంట్లో కూర్చునే సిద్ధం చేసి పరికరంలోకి ఎక్కించు. బయలుదేరే ముందు వారం ఖాళీ మైదానంలోకి వెళ్లి అక్కకి పంపి, ఆవిడ నుంచి జవాబు తెప్పించుకో. ఎస్ఓఎస్ బటన్ మాత్రం పరీక్ష కోసం ఎప్పుడూ నొక్కకు. వాగు దాటేటప్పుడు పరికరం బ్యాగుకి కాకుండా ఒంటికి ఉండాలి. నీళ్లలో పడితే ముందు వదిలించుకోవాల్సింది బ్యాగే కదా.

తరంగం

అక్షాంశ రేఖాంశాల గురించి చిన్న జాగ్రత్త. 30 డిగ్రీల 30 నిమిషాలు అంటే 30.5 డిగ్రీలు. దాన్ని ఎవరైనా 30.30 అని రాసుకుంటే తేడా 0.2 డిగ్రీ, నేలమీద దాదాపు 22 కి.మీ. వేరే లోయ అయిపోతుంది. పరికరంలో, ఫోన్ మ్యాప్‌లో, ఇంట్లో ఇచ్చే కాగితంలో ఒకే పద్ధతి పెట్టుకోండి. దశాంశ డిగ్రీలైతే సులువు.

మోడరేటర్

ఈ చర్చ చదివి కొనబోయే అందరికీ: చట్టం చూసుకోండి. భారతదేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇన్‌రీచ్ లాంటి మెసెంజర్లు తీసుకురావడం, వాడటం నేరం. బ్యాగులో ఇవి దొరికాయని విమానాశ్రయాల్లో విదేశీ యాత్రికుల్ని ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. ఇలాంటి ఆంక్షలు ఉన్న దేశాలు ఇంకా ఉన్నాయి. మీరు దిగే దేశంలోనే కాదు, మధ్యలో విమానం మారే దేశంలో కూడా నిబంధన ఏమిటో అక్కడి అధికారిక సైట్‌లో చూడండి. అనుమతి లేని చోట స్థానిక గైడ్, ముందుగా ఇచ్చిన దారి వివరం, చెక్‌పోస్టులో పేరు నమోదు మీద ఆధారపడాల్సిందే. గాలించి కాపాడే ఖర్చు కూడా దేశాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల హెలికాప్టర్ బిల్లు మీదే. బీమా పాలసీలో మీరు ఎక్కే ఎత్తు వర్తిస్తుందా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

దూరపునడక

మేం వెళ్లే దేశంలో అనుమతి ఉందని అధికారిక సైట్‌లో చూశాను, విమానం మారేచోట కూడా. నిన్న అక్కతో రెండు గంటలు కూర్చుని కాగితం రాశాం. ఇలా ఉంది:

రోజువారీ దారి, రాత్రి బస చేయాలనుకున్న చోట్లు దశాంశ డిగ్రీల్లో. వాగు పొంగితే పట్టే రెండో దారి. ఇద్దరి పేర్లు, వయసు, రక్తం గ్రూపు, నా ఆస్తమా మందు పేరు. టెంట్ రంగు, జాకెట్ల రంగు. ప్రతి రాత్రీ "బస" మెసేజ్. చుక్క ఆగితే కంగారు లేదు. ఏడో రోజు సాయంత్రం బయటికి రావాలి. ఎనిమిదో రోజు మధ్యాహ్నం 12 దాకా కబురు లేకపోతే అక్కడి గాలింపు విభాగానికి అక్క ఫోన్ చేస్తుంది, నంబరు కిందే ఉంది. తెలియని నంబర్లు ఎత్తుతుంది. రెండో నంబరు బావది.

ఏమైనా వదిలేశామా?

ఇంట్లోఎదురుచూపు

చాలా బాగా రాశారు. ఒక్కటే. ఆ 12 గంటలు ఏ దేశపు టైమ్‌లోనో రాయండి. పక్కనే ఇంటి టైమ్ కూడా.

కొండనర్సు

ఆస్తమా మందు పేరు సరే, ఇన్‌హేలర్ బ్యాగులో ఏ జేబులో ఉంటుందో మీ స్నేహితుడికి చూపించండి.

దూరపునడక

రెండూ చేర్చాను. ఇన్‌హేలర్ పట్టీ జేబులోకి మార్చాను, పరికరం పక్కనే. ఆదివారం మైదానంలో పరీక్ష, వాడి చేత్తోనే పంపిస్తాను.